ఏడు కిలోమీటర్లు దగ్గరైన ఊరు

కార్తీక మాసంలో ఒక గురువారం నాడు ఎగువ కొర్రమెట్ట అనే ఊరు మా ఆఫీసుకి ఏడు కిలోమీటర్లు దగ్గరకి జరిగింది. భూకంపం రాలేదు. కొండచరియ విరగలేదు. ఊళ్ళో ఒక్క కుండ కూడా పగల్లేదు. మేం కాగితం పంపేదాకా ఊరివాళ్ళకే సంగతి తెలియదు. ఇదెలా జరిగిందో చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. ఆ కాగితం టైపు చేసింది నేనే.

నా పేరు గొర్తి భీమశంకరం. కొండప్రాంత సంచార వైద్య సంస్థలో వాహన విభాగం సీనియర్ అసిస్టెంటుని. వాహన విభాగం అనగానే వరసగా బళ్ళు ఊహించుకోకండి. మాకున్నది ఒక్క జీపు. ఆ జీపుకి ఒక డ్రైవరు, ఒక లాగ్‌బుక్కు, ఆ లాగ్‌బుక్కుకి నేను. షెడ్డు వెనక సీతాఫలం చెట్ల కింద ఇంకో పాత జీపు ఉంది గానీ, అది నేను ఉద్యోగంలో చేరకముందే పనికిరానిదిగా తీర్మానమైపోయింది. దాని బానెట్ కింద తొండలు కాపురం పెట్టాయి.

ఆ ఒక్క జీపూ ప్రతి గురువారం నర్సు మల్లేశ్వరినీ, మందుల పెట్టెనీ ఎక్కించుకుని ఎగువ కొర్రమెట్ట వెళ్ళేది. ఆ ఊరికే ఎందుకంటే, నిబంధన. నలభై కిలోమీటర్లు దాటితే మారుమూల గ్రామం. మారుమూల గ్రామానికి వారానికోసారి జీపు. నలభై లోపుంటే సమీప గ్రామం. సమీప గ్రామస్థులకి కాళ్ళున్నాయని ప్రభుత్వం నమ్మకం. మా పరిధిలో నలభై దాటిన ఊరు అదొక్కటే. సరిగ్గా నలభై ఆరు.

ఇలా ఉండగా మా డైరెక్టరు దూసి పరాంకుశం గారు ఎక్కడో చల్లటి ఊళ్ళో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ దేనిమీదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకీ తెలియదని నా అనుమానం. ఆయన దిగిన హోటలు పక్క మైదానంలో జీపుల పోటీలు జరిగాయట. నడుమెత్తు టైర్లు తగిలించుకున్న జీపులు బండలెక్కుతుంటే, బురద గుంటలు దాటుతుంటే, ఆయన మూడు రోజులూ కిటికీ దగ్గరే కూర్చున్నారు. తిరిగొచ్చాక మనిషి మనిషిలా లేరు.

"భీమశంకరం గారూ, కొండ ప్రాంత ఆరోగ్యానికి అసలు అడ్డంకి ఏమిటి?" అని అడిగారు వచ్చిన రోజే.

"రోడ్డు బాగులేకపోవడం సార్."

"కాదు. టైరు చిన్నదవడం."

వారం తిరక్కుండా మహాచక్రం అనే పథకం పుట్టింది. మా జీపుకి ఉన్న ఇరవై ఎనిమిది అంగుళాల టైర్లు ఊడదీసి, ముప్ఫై మూడు అంగుళాలవి బిగించారు. పూజ నాడు పాత టైర్లకైతే ఒక్కో నిమ్మకాయ సరిపోయేది, వీటికి మూడేసి పెట్టాల్సి వచ్చింది. జీపు ఎంత ఎత్తు లేచిందంటే డైరెక్టరు గారు అందులోకి ఎక్కడానికి వడ్రంగి చేత పీట చేయించాం. స్టాకు రిజిస్టర్లో దాన్ని 'ఆరోహణ పీట, ఒకటి' అని రాశాను. ఆయన ఆ పీట మీద నిలబడే ఉపన్యాసం ఇచ్చారు. "ఈ చక్రం కేవలం రబ్బరు కాదు. ప్రభుత్వ సంకల్పం దాల్చిన గుండ్రటి రూపం" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను.

ఆ గురువారం సాయంత్రం డ్రైవరు పాంగి సుబ్బన్న లాగ్‌బుక్కు పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. బాగా అలిసిపోయి ఉన్నాడు.

"బండి ఎక్కడం నేదండి బాబూ. ఏనుగుమెట్ట మలుపుకాడ మొదటి గేరులో కూడా ఏడుస్తంది. దిగి తోద్దారంటే, నేను దిగితే నడిపేవోడు నేడు. పాపం నర్సమ్మ ఒకర్తే తోసింది."

నేను ఆ మాట వినలేదు. నా కన్ను అప్పటికే లాగ్‌బుక్కు మీద పడింది. వెళ్ళేటప్పుడు దూరం ముప్ఫై తొమ్మిది అని ఉంది.

"ఊరు నలభై ఆరు. నువ్వు రాసింది ముప్ఫై తొమ్మిది. అంటే ఏడు కిలోమీటర్ల ముందే బండి తిప్పుకుని వచ్చేశావన్నమాట."

"అమ్మతోడు బాబూ! సన్యాసమ్మ పందిరికాడ తిప్పినాను. ఊళ్ళో అదే ఆకరి ఇల్లు. కావలిస్తే నర్సమ్మనడగండి."

అమ్మతోడుకి లాగ్‌బుక్కులో గడి లేదు. అందుకని మెమో ఇచ్చి, మరుసటి గురువారం నేనే స్వయంగా బయల్దేరాను. ఏనుగుమెట్ట దగ్గర జీపు మూలిగి, వణికి, ఆగిపోయింది. క్లచ్చు మాడిన వాసన గుప్పున కొట్టింది. నేనూ, మల్లేశ్వరీ దిగి తోశాం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను కుర్చీ తప్ప దేన్నీ తోసి ఎరగను. నడుం పట్టేసింది. ఎలాగో ఊరి చివరి ఇంటికి చేరి మీటరు చూశాను. ముప్ఫై తొమ్మిది.

పందిరి ఎదుట రోడ్ల శాఖవాళ్ళు పాతిన రాయి ఉంది. రాయి మీద నలభై ఆరు. మీటరు మీద ముప్ఫై తొమ్మిది. రెండింటినీ మార్చి మార్చి చూశాను. రాయి మా శాఖది కాదు. మీటరు మా శాఖది. నేను మీటరునే నమ్మాను.

దిగొచ్చాక సుబ్బన్న నన్ను బలవంతాన మెకానిక్ ఖాదర్‌వలీ షెడ్డుకి తీసుకెళ్ళాడు. వలీ నలభై ఏళ్ళుగా కొండ జీపులు బాగుచేస్తున్న మనిషి. నేను చెప్పింది మొత్తం విని, జీపు కింద దూరి, ఒక్క నిమిషంలో బయటికొచ్చాడు.

"ఇందులో మాయేం లేదు సార్. టైరు పెద్దదైంది. ఒక్క చుట్టుకి ఎక్కువ నేల దాటుద్ది. మీటరు చుట్లు లెక్కపెడద్ది గానీ నేలని లెక్కపెట్టదు. చుట్లు తగ్గాయి, అందుకే తక్కువ చూపిస్తంది."

"మరి ఎక్కడం లేదేం?"

"అదీ అందుకే. ఇరుసులో పళ్ళచక్రాల జత ఉంటది. ఇంజను కాడ్నించొచ్చే రాడ్డు నాలుగు చుట్ల పైచిలుకు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుద్ది. దీనికి నాలుగు పాయింటు పది. చిన్న టైరుకి సరిపోయింది. ఇప్పుడు అదే పిల్ల నెత్తిన పెద్ద కడవ పెట్టి కొండెక్కమన్నారు. ఎక్కడెక్కుద్ది?"

గ్రీజు వేలితో గోడ మీద లెక్క వేశాడు. ముప్ఫై మూడుని ఇరవై ఎనిమిదితో భాగించి, నాలుగు పాయింటు పదితో గుణిస్తే, నాలుగు పాయింటు ఎనభై మూడు చిల్లర. దానికి దగ్గర్లో దొరికే జత నాలుగు పాయింటు ఎనభై ఎనిమిది.

"అంకె పెరిగితే బలం పెరుగుద్ది, వేగం తగ్గుద్ది. ముందిరుసుకీ వెనకిరుసుకీ ఒకటే అంకె ఉండాలి. అది వేస్తే బండి మునుపట్లా ఎక్కుద్ది. మీటరు లెక్కపెట్టేది ఆ రాడ్డు చుట్లే, కాబట్టి అదీ నలభై ఆరు దగ్గరే చూపిస్తది."

ఇదంతా నేను నివేదికలో రాశాను. మొదటి పేరాలో ముప్ఫై తొమ్మిది అని తేలినట్టు, రెండో పేరాలో అందుకు కారణం, మూడో పేరాలో గేరు మార్పిడి అవసరం. నా దురదృష్టం, మొదటి పేరా దగ్గరే పేజీ అయిపోయింది. డైరెక్టరు గారికి పేజీ తిప్పే అలవాటు లేదు.

"ఏడు కిలోమీటర్లు!" అని కుర్చీలోంచి లేచారు. గణాంకాధికారి త్రిపురాంబ గారిని పిలిపించారు. ఆవిడ చాలా నిజాయితీ గల మనిషి. ఆవిడకి ప్రపంచంలో అంకెలు తప్ప ఇంకెవరి మీదా నమ్మకం లేదు. లాగ్‌బుక్కు రెండుసార్లు చూసి, కళ్ళజోడు సవరించుకుని, "మీటరు అబద్ధం చెప్పదండి. మనుషులు చెబుతారు" అన్నారు.

దాంతో 'మహాచక్రం ద్వారా కొండ గ్రామం ఏడు కిలోమీటర్లు చేరువ' అని పత్రికా ప్రకటన వెళ్ళింది. నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి బహుమతి వచ్చింది. ఇత్తడి షీల్డు, మధ్యలో చిన్న చక్రం. దాని కింద 'మీటరు రీడింగే తుది ప్రమాణమని చాటిన సంస్థకు' అని చెక్కారు. డైరెక్టరు గారు దాన్ని తన కుర్చీ వెనక అరలో, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా పెట్టించారు.

ఇక్కడిదాకా అందరికీ సంబరమే. మర్నాడు నేను నిబంధనల పుస్తకం తెరిచాను. ముప్ఫై తొమ్మిది అంటే నలభై లోపు. నలభై లోపు అంటే సమీప గ్రామం. నేనే నోటు పెట్టాను, నేనే టైపు చేశాను. 'ఎగువ కొర్రమెట్ట గ్రామస్థులకు తెలియజేయునది ఏమనగా, మీ గ్రామము సమీప గ్రామముగా ఉన్నతి పొందినందున గురువారపు జీపు రద్దు చేయడమైనది. ఈ అభివృద్ధికి మీకు అభినందనలు.' ఖాళీ అయిన జీపుని డైరెక్టరు గారి బంగళాకి కేటాయించారు. అక్కడ దానికి ఎత్తు తప్ప వేరే పని లేదు.

పుష్యమాసం మొదట్లో ఒక మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చింది. పందిరి ఆవిడే. అరవై దాటిన మనిషి. ముందురోజు పొద్దున బయల్దేరి, దారిలో చుట్టాలింట పడుకుని, మళ్ళీ నడిచి వచ్చింది. నేను పంపిన కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. దాన్ని విప్పి నా బల్ల మీద పెట్టింది.

"మా ఊరు దగ్గరైపోనాదంట గదా బాబూ?"

"అవునమ్మా. ఏడు కిలోమీటర్లు."

"నా కాళ్ళకి తెలీనేదు."

ఆవిడ వెటకారం చేయలేదు. నిజంగానే అడిగింది. నేను నిబంధన చెప్పాను. నలభై అన్నాను, ముప్ఫై తొమ్మిది అన్నాను. ఆవిడ అంతా విని, నేల మీద చతికిలబడి పాదాలు నొక్కుకుంది.

"నా కోడలు చిలకమ్మకి ఎనిమిదో నెల పడింది బాబూ. నీరొచ్చి కాళ్ళు ఉబ్బినాయి. ముందటి కాన్పు డోలీ మీదే అయిపోనాది. ఏనుగుమెట్టకాడ. బిడ్డ దక్కనేదు. గురారం గురారం నర్సమ్మ ఒస్తాది గదా, ఈసారి బండిలో దింపేద్దారనుకున్నాం. మరిప్పుడు ఏటి సెయ్యమంటావు?"

నాకు సిగ్గేసింది. మంచినీళ్ళు తెప్పించాను. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, కాగితం మళ్ళీ మడత పెట్టుకుని, "సూడు బాబూ" అని లేచి వెళ్ళిపోయింది. ఆ 'అభినందనలు' అనే ముక్క నేను రాయకుండా ఉండాల్సింది.

మర్నాడు గేరు ఫైలు బయటికి తీసి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఈసారి మూడో పేరాని మొదటికి తెచ్చాను. ఆయన చదివారు. చదివితే ఊరుకోరు కదా, గేరు నిష్పత్తి నిర్ధారణ కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయన, సభ్యులు త్రిపురాంబ గారు, కార్యదర్శి నేను. సాంకేతిక సాక్షిగా ఖాదర్‌వలీని పిలిచాం. అతను చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. టైరు సంగతి, ఇరుసు సంగతి నాకు చెప్పినట్టే చెప్పాడు.

"నాలుగు పాయింటు ఎనభై ఎనిమిది బిగిస్తే గ్రామం ఎంత దూరంలో ఉంటుంది?" అని అడిగారు డైరెక్టరు గారు.

"మునుపెంతో అంతే సార్. నలభై ఆరు."

డైరెక్టరు గారు ఒకసారి వెనక్కి తిరిగి షీల్డు ఉన్నచోటే ఉందో లేదో చూసుకున్నారు.

"అంటే, సంస్థ ఎంతో శ్రమకోర్చి చేరువ చేసిన గ్రామాన్ని ఈయన పళ్ళచక్రాలతో ఏడు కిలోమీటర్లు వెనక్కి నెట్టేస్తానంటున్నాడు. ఇది ప్రగతి నిరోధకం. మినిట్స్‌లో రాయండి."

"ఊరు ఉన్నకాడే ఉంటది సార్" అన్నాడు వలీ.

"అది మీ సాంకేతిక అభిప్రాయం."

త్రిపురాంబ గారు అప్పటికే కాగితం మీద లెక్కలో మునిగిపోయారు. "అంకె పెంచితే దూరం పెరుగుతోంది. అయితే తగ్గిస్తే తగ్గాలి కదా? ఇంకా చిన్న అంకె ఉందా?"

"మూడు పాయింటు డెబ్బై మూడు ఉందమ్మా. మీటరు ముప్ఫై అయిదున్నర చూపిస్తది. బండి మాత్రం చీమ పుట్ట కూడా ఎక్కదు."

"ముప్ఫై అయిదున్నర!" అన్నారు డైరెక్టరు గారు. రెండో సగం ఆయన చెవికి చేరలేదు. "టైరు ఇంకా పెంచితే?"

"అరవై అంగుళాల ట్రాక్టరు వెనక చక్రం వేశామనుకోండి," అని త్రిపురాంబ గారు వేళ్ళ మీద లెక్కపెట్టి, "పందొమ్మిదిన్నర. ఇరవై లోపే" అన్నారు.

"అప్పుడు ఆ గ్రామం పట్టణ శివారు అవుతుంది. పురపాలక సంఘంలో కలిపేయవచ్చు!"

వలీ నావైపు చూశాడు. నేను మినిట్స్ వైపు చూశాను. "ట్రాక్టరు చక్రం వేస్తే బండి అంగుళం కదలదు సార్" అన్నాడతను, ఇక ఆగలేక.

"కదలకపోతే మీటరు ఎంత చూపిస్తుంది?"

"కదలకపోతే ఏం చూపిస్తది? సున్నా."

డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, మెల్లగా, "సున్నా. దూరమే లేని కొండ ప్రాంతం. ఇదీ మన అంతిమ లక్ష్యం. దశలవారీగా వెళదాం" అన్నారు. మొదటి దశగా మూడు పాయింటు డెబ్బై మూడు బిగించాలని తీర్మానమైంది. సాధించిన ప్రగతి ఎప్పటికప్పుడు నమోదు కావాలి కాబట్టి, గేరు మార్చిన ప్రతిసారీ వారంలోగా జీపు ఊరి చివరి ఇంటిదాకా వెళ్ళి దూరం కొలవాలని, ఆ రీడింగే తుదిదని, దాని ప్రకారం గ్రామం వర్గం మార్చాలని త్రిపురాంబ గారు ఇంకో తీర్మానం చేర్పించారు. అందరం సంతకాలు పెట్టాం. వలీ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తీర్మానం తీర్మానమే కాబట్టి ఆ జత అతనే బిగించాడు. దూరం కొలవడానికి బయల్దేరిన జీపు మా ఊరు దాటక ముందే వాగు గట్టు ఎక్కలేక వెనక్కి వచ్చింది. దాంతో కొలత వాయిదా పడింది. అంతటితో ఆగినా బాగుండేది. డైరెక్టరు గారి బంగళా చిన్న గుట్ట మీద ఉంది. పొద్దున్నే జీపు గుట్ట దిగేది. సాయంత్రం ఎక్కేది కాదు. రోజూ సాయంత్రం అయిదింటికి ఆఫీసు సిబ్బంది అంతా కలిసి మహాచక్రాన్ని గుట్ట మీదికి తోసేవాళ్ళం. మూడో రోజుకి సగంమందికి నడుం నొప్పి సెలవు. నాలుగో రోజు డైరెక్టరు గారు నడిచి ఎక్కారు. అయిదో రోజు మోకాలికి గుడ్డ చుట్టుకుని వచ్చి నన్ను పిలిచారు.

"భీమశంకరం గారూ, లక్ష్యం లక్ష్యమే. కానీ నివాస ఆరోహణ విషయంలో నిబంధనలకి లోబడి ఏదైనా వెసులుబాటు ఉందేమో పరిశీలించండి."

పరిశీలించాను. నిజానికి సన్యాసమ్మ వెళ్ళిన సాయంత్రమే నేను నిబంధనల పుస్తకం మొదటిసారి చివరిదాకా చదివాను. ఇరవై ఆరేళ్ళుగా నలభై దగ్గరే ఆగిపోయేవాణ్ణి. తర్వాతి పేజీలో ఇంకో వర్గం ఉంది. యాభై దాటితే అతి మారుమూల గ్రామం. దానికి వారానికి రెండుసార్లు జీపు, ఊళ్ళోనే కాన్పుల గది, అక్కడే కాపురముండే నర్సు. ఒకసారి ఇచ్చాక పదేళ్ళదాకా తీసేయడానికి వీల్లేదు. మా పరిధిలో యాభై దాటిన ఊరు లేదు కాబట్టి ఆ పేజీ మడత కూడా పడలేదు.

వలీ షెడ్డుకి వెళ్ళాను. "యాభై దాటే అంకె ఏదైనా ఉందా?" అని అడిగాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. కమిటీలో నేనూ సంతకం పెట్టానని కోపంగానే ఉన్నాడు. సన్యాసమ్మ సంగతీ, ఆ తర్వాతి పేజీ సంగతీ చెప్పాను. రెంచి తీసుకుని, నా వెంట మా ఆఫీసు షెడ్డు వెనక్కి వచ్చి, తొండల జీపు కింద దూరాడు. వెనకిరుసు మూత విప్పి, లోపల చెయ్యి పెట్టి, పళ్ళు లెక్కపెట్టుకున్నాడు. బయటికొచ్చేసరికి నవ్వుతున్నాడు.

"అయిదు పాయింటు ముప్ఫై ఎనిమిది. పాత కాలం జీపులకి ఇదే వేసేవాళ్ళు. ముందూ వెనకా ఒకటే. పళ్ళు బంగారంలా ఉన్నాయి సార్."

"ఇది వేస్తే?"

"ఏనుగుమెట్ట కాలు మీద కాలేసుకుని ఎక్కుద్ది. మీటరు యాభై ఒకటి చూపిస్తది. ఒకటే లోటు, తారు రోడ్డు మీద పరిగెత్తదు."

"మన రోడ్ల మీద ఎవడు పరిగెత్తాడులే" అన్నాను.

నోటు రాయడంలో నాకు సాటి లేదని అంటారు. అది నిజమో కాదో ఆ రోజు తెలిసింది. 'డైరెక్టరు గారి నివాస ఆరోహణలో ఎదురగుచున్న తీవ్ర అసౌకర్యము దృష్ట్యా, సంస్థ ఆవరణయందే నిరుపయోగముగా పడియున్న పళ్ళచక్రముల జతను సద్వినియోగపరచుకొనుటకు అనుమతి కోరడమైనది' అనే వాక్యంతో మొదటి పేజీ నింపాను. అంకె రెండో పేజీలో పెట్టాను. డైరెక్టరు గారు మోకాలు నిమురుకుంటూ మొదటి పేజీ చదివి, రెండో పేజీ అడుగున నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు.

తొండల్ని ఖాళీ చేయించడానికి ఒక పూట, గేర్లు బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ సాయంత్రం జీపు డైరెక్టరు గారితో సహా గుట్ట ఎక్కింది. ఆయన కిటికీలోంచి మాకు చెయ్యి ఊపారు. మర్నాడు గురువారం. తీర్మానం ప్రకారం దూరం కొలవాలి. సుబ్బన్న పక్కన త్రిపురాంబ గారు కూర్చున్నారు. వెనక నేనూ, మందుల పెట్టెతో మల్లేశ్వరీ.

ఏనుగుమెట్ట దగ్గర నేను అలవాటుగా దిగబోయాను. "కూకోండి బాబూ" అన్నాడు సుబ్బన్న. జీపు మూలగలేదు. ఎద్దులా తల వంచుకుని, ఒక్కో రాయి చూసుకుంటూ ఎక్కేసింది. మల్లేశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తోసినవాళ్ళకే తెలుస్తుంది ఆ సంతోషం. సన్యాసమ్మ పందిరి దగ్గర బండి ఆగింది. మీటరు యాభై ఒకటి.

త్రిపురాంబ గారు దిగి, రోడ్ల శాఖ రాయి ముందు నిలబడ్డారు. నలభై ఆరు. మళ్ళీ జీపు దగ్గరకొచ్చి మీటరు చూశారు. మళ్ళీ రాయి.

"భీమశంకరం గారూ, ఈ రాయి మన శాఖదేనా?"

"కాదండి."

"అయితే యాభై ఒకటి రాయండి."

రాశాను.

ఈలోగా పందిట్లోంచి మల్లేశ్వరి కేక వేసింది. చిలకమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. కాళ్ళు కుండల్లా వాచాయి. "రక్తపోటు చాలా ఎక్కువుంది సార్. కళ్ళు మసకగా ఉన్నాయంటోంది. ఇవాళే దింపాలి. రేపటిదాకా ఆగితే నేను పూచీ పడలేను" అంది మల్లేశ్వరి. సుబ్బన్న అప్పటికే బండి తిప్పేశాడు. వెనక సీట్లో చిలకమ్మని పడుకోబెట్టాం, వాచిన కాళ్ళు సన్యాసమ్మ ఒళ్ళో పెట్టుకుంది. తల ఎవరి ఒళ్ళో పెట్టాలో తెలియకపోతే త్రిపురాంబ గారు కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుని, వెళ్ళి కూర్చున్నారు.

దిగడం ఎక్కడం కంటే ప్రమాదం. కానీ ఆ పాత గేర్లు బండిని పట్టి ఉంచాయి. సుబ్బన్న బ్రేకు మీద కాలే పెట్టలేదు. జీపు మనిషి నడకతో సమానంగా, ఒక్క కుదుపు లేకుండా దిగుతూనే ఉంది. ఏనుగుమెట్ట దగ్గర సన్యాసమ్మ కిటికీలోంచి బయటికి చూసి, ముఖం తిప్పేసుకుంది. అక్కడ ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి నేనూ అటు చూడలేదు. త్రిపురాంబ గారు మాత్రం మలుపులు లెక్కపెడుతూ, ఇంకా పదకొండమ్మా, ఇంకా పదమ్మా అని చిలకమ్మకి చెబుతూనే ఉన్నారు. నాకు తెలిసి ఆవిడ అంకెలు ఒక మనిషికి ధైర్యం చెప్పడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

అదే మధ్యాహ్నం ఫైలు డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఈసారి అంకె మొదటి పేజీలో, పెద్దక్షరాల్లో పెట్టాను.

"ఏమిటిది? ముప్ఫై తొమ్మిదిలో ఉన్న గ్రామం యాభై ఒకటికి ఎలా వెళుతుంది? నేనొప్పుకోను. మీటరు తప్పు చెబుతోంది!"

త్రిపురాంబ గారు కదలకుండా నిలబడ్డారు. "మీటరు అబద్ధం చెప్పదు సార్. ఇప్పుడు చెప్పిందంటే కార్తీకంలోనూ చెప్పినట్టే. అప్పుడు ముప్ఫై తొమ్మిది కూడా అబద్ధమని రాసి, షీల్డు తిరిగి పంపేయాలి. రాయమంటారా?"

డైరెక్టరు గారు ఫైలు వైపు చూశారు. షీల్డు వైపు చూశారు. ఫైలు సంతకం అడుగుతోంది, షీల్డు మెరుస్తోంది. కలం తీసి సంతకం చేశారు. పదేళ్ళకి సరిపడా చేశారని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. డైరెక్టరు గారి ఆదేశం మీద 'కొండ ప్రాంతపు సహజ విస్తరణ' అని జవాబు పంపాను. వాళ్ళు దాన్ని ఆమోదించి, మిగతా కొండలు ఎందుకు విస్తరించడం లేదో నివేదిక పంపమన్నారు. దాని మీద కమిటీ వేశాం.

మాఘం చివర సన్యాసమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి జీపులో. కొంగు చాటున మనవరాలు నిద్రపోతోంది. ఊళ్ళో కాన్పుల గదికి పునాది తీశారని, మల్లేశ్వరి పెట్టే బేడా సర్దుకుని వచ్చేసిందని చెప్పింది. ఒక సంచిలో పసుపు దుంపలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వద్దన్నా వినలేదు. కాసేపు కూర్చుని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"బాబూ, ఇప్పుడు మా ఊరెంత దూరం?"

"యాభై ఒకటి అమ్మా."

ఆవిడ మనవరాలి తల మీద కొంగు సర్ది, నావైపు వేలు చూపించి మరీ చెప్పింది.

"ఉండనీ. ఇంకెప్పుడూ దగ్గరికి రానీకండి."